తొమ్మిదో నంబరు ఫారం, ఒక జత బూట్లు

సోమవారం

గదుల కేటాయింపు సూపరింటెండెంటు గారికి,
విశ్వవిద్యాలయ కార్యాలయం, మొదటి అంతస్తు.

అయ్యా, నమస్కారం.

నేను రసాయన శాస్త్రం రెండో సంవత్సరం విద్యార్థినిని. ‘గురువారం గుంపు’ అనే చిన్న సంఘానికి కార్యదర్శిని. ఇది నేను కోరి ఎక్కిన పదవి కాదు. ఎన్నిక రోజున ఆలస్యంగా వచ్చినందుకు పడిన శిక్ష.

మా సంఘం ఎలా పుట్టిందో రెండు ముక్కల్లో చెబుతాను. పోయిన ఏడాది ప్రయోగశాలలో నా పక్క బల్ల దగ్గర సోడాబుడ్డి కళ్ళద్దాల అబ్బాయి ఒకడుండేవాడు. గాజు గొట్టం వేడెక్కేలోపు రోజుకో ప్రశ్న వేసేవాడు. “మీ ముస్లింలు ఎందుకిలా? మీ ముస్లింలు ఎందుకలా?” నెల రోజులు ఓపిగ్గా చెప్పాను. ముప్పై ఒకటో రోజున, “సరే, నువ్వు ఆదివారం చర్చిలో కళ్ళు మూసుకుని ఏం అడుగుతావో చెప్పు” అన్నాను. రేపు చెబుతానన్నాడు. ఆ రేపటితోనే గుంపు మొదలైంది. ఇప్పుడు తొమ్మిదిమందిమి. ముస్లింలం ముగ్గురం: నేను, మా పిన్ని కూతురు, న్యాయశాస్త్రం చదివే పొడుగాయన. హిందువులు ముగ్గురు, క్రైస్తవులు ఇద్దరు, ఏ దేవుణ్ణీ లెక్కలోకి తీసుకోని లెక్కల అబ్బాయి ఒకడు. వారానికోసారి కూర్చుని ఒకళ్ళనొకళ్ళం ప్రశ్నలు అడుక్కుంటాం. జవాబు తెలియకపోతే తెలియదంటాం. అంతకుమించి అక్కడ జరిగేదేమీ లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పరీక్షలలోపు మీ కార్యాలయం కేటాయించిన చోట నాలుగు సమావేశాలు జరపకపోతే మా సంఘం పేరు కొట్టేస్తామని విద్యార్థి సంఘాల శాఖవాళ్ళు నోటీసు ఇచ్చారు. ఇన్నాళ్ళూ క్యాంటీనులో కలిశాం. అవి లెక్కకు రావట. కాబట్టి ప్రతి గురువారం మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఏదో ఒక గది ఇప్పించమని మనవి.

ఇట్లు, విధేయురాలు,
కార్యదర్శి.

తా.క. కుర్చీలు అయిదున్నా చాలు. మిగతావాళ్ళం బల్లల మీద సర్దుకుంటాం.


బుధవారం

గురువారం గుంపు కార్యదర్శికి,

మీ దరఖాస్తు అందినది. అందిన రోజే తిప్పి పంపడమైనది.

ఒకే మతం వారికి గది కావలసి వస్తే రెండో నంబరు ఫారం. మతంతో పనిలేని వారికి మూడో నంబరు ఫారం. ఒకటికి మించిన మతాలు ఒకే గదిలో కూర్చోవలసి వస్తే తొమ్మిదో నంబరు ఫారం, అనగా ‘మత వివాద పరిష్కార సమావేశపు దరఖాస్తు’. అది జతచేశాను. నాలుగో గడిలో ఒక్కో మతానికి ఒక్కో అధికార ప్రతినిధి పేరు రాసి, సదరు ప్రతినిధి తన మతం వారందరి తరఫునా మాట్లాడగలరని హామీ ఇవ్వవలెను. ఆరో గడిలో వివాదం ఏమిటి, ఎప్పటినుంచి, ఎవరికైనా గాయాలయ్యాయా అన్నది వివరించవలెను.

గడులు నింపని దరఖాస్తులు పరిశీలించబడవు.

ఇట్లు,
సూపరింటెండెంటు, గదుల కేటాయింపు.

తా.క. బల్లలు కూర్చోవడానికి కావు. ఇరవై రెండో నిబంధన చూడగలరు. పదవి శిక్ష అన్న మీ అభిప్రాయంతో మాత్రం ఈ కార్యాలయానికి పేచీ లేదు.


శుక్రవారం

సూపరింటెండెంటు గారికి,

అయ్యా, నమస్కారం.

ఫారం నింపి పంపుతున్నాను. మొదట నాలుగో గడి సంగతి. ఇక్కడ ముస్లిం విద్యార్థులు నాలుగు వందల పైచిలుకు ఉన్నారు. అందరి తరఫునా మాట్లాడాలంటే అందర్నీ అడగాలి కదా అని ముందుగా హాస్టల్లో నా గదిలోనే ఉండే మా పిన్ని కూతుర్ని అడిగాను. “పొద్దున్నే నీ అలారం మోగితే నువ్వు లేచి వెళ్ళిపోతావు, నన్ను లేపవు. నా తరఫున మాట్లాడటానికి నువ్వెవరు?” అంది. తర్వాత పొడుగాయన దగ్గరికి వెళ్ళాను. ‘హామీ’ అన్న మాట దగ్గరే ఆగిపోయి మీ ఫారం మీద ఎర్ర సిరాతో పదకొండు సవరణలు చేశాడు. క్షమించాలి, చెరిపితే పోవడం లేదు. మొత్తానికి ముగ్గురం ముస్లింలం, అభిప్రాయాలు నాలుగు. ఆ నాలుగోది కూడా పొడుగాయనదే.

అందుకని ఆ గడిలో ‘నా తరఫున నేను’ అని రాశాను. మిగతా ఎనిమిదిమందీ అదే రాసి సంతకాలు పెట్టారు. ఆరో గడిలో ‘వివాదం లేదు’ అని రాశాను. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తెమ్మంటారు?

ఇట్లు,
కార్యదర్శి.

తా.క. ఏమీ అనుకోకండి, ఒక మాట అడుగుతాను. నాలుగు వందల మందికి ఒక్క నోరు సరిపోతుందని ఎలా అనుకున్నారు? మీరు ఎప్పుడైనా ఒక ముస్లింతో కూర్చుని మాట్లాడారా?


సోమవారం

కార్యదర్శికి,

మీ ఫారాన్ని ఈ కార్యాలయం ఒకటికి రెండుసార్లు చదివింది. తొమ్మిదో నంబరు ఫారం వాడుకలోకి వచ్చాక ఆరో గడిలో ‘వివాదం లేదు’ అని రాసినవారు ఇంతవరకు లేరు. కాగితం మీద పెట్టడానికి కూడా వీల్లేనంత తీవ్రమైన వివాదమేదో మీలో ఉందని అర్థం చేసుకున్నాను. ఎర్ర సిరా చూశాక ఆ అనుమానం బలపడింది.

కావున ఈ గురువారానికి తాత్కాలికంగా పద్నాలుగో నంబరు గది ఇస్తూ, ముందు జాగ్రత్తగా ఈ కింది ఏర్పాట్లు చేయించాను. గది మధ్యలో ఈ గోడ నుంచి ఆ గోడకు తాడు. ఇద్దరు కాపలాదారులు. రెండు బకెట్ల ఇసుక. ప్రథమ చికిత్స పెట్టె. ఏ మతం వారు తాడుకు ఎటు కూర్చోవాలో తెలిపే పటం తలుపుకు అంటించబడింది. ఆరో గడి సరిగా నింపేదాకా ఈ సమావేశం లెక్కలోకి రాదు.

ఇట్లు,
సూపరింటెండెంటు.

తా.క. ముస్లింతో మాట్లాడానా అన్న ప్రశ్నకు జవాబు ఈ కార్యాలయం పరిధిలోకి రాదు.


శుక్రవారం

సూపరింటెండెంటు గారికి,

అయ్యా,

నమస్కారం రాసే ఓపిక ఈసారి లేదు. నిన్నటి సమావేశం ఎలా జరిగిందో వినండి.

మీ పటంలో లెక్కల అబ్బాయికి చోటు లేదు. ఏ దేవుడి వైపూ కాదు కనుక వాణ్ణి సరిగ్గా తాడు కిందే కూర్చోబెట్టారు. గంటసేపు తాడు వాడి చెవికి రాసుకుంటూనే ఉంది. సోడాబుడ్డి నాకు పెన్ను అందివ్వబోతే ఒక కాపలాదారు “హద్దు దాటొద్దు” అంటూ పెన్ను తను పుచ్చుకుని, మూత తీసి చూసి, అప్పుడు నాకిచ్చాడు. పావుగంటకల్లా అందరికీ నవ్వాపుకోవడం కష్టమైంది. రెండో కాపలాదారు, ఆ మీసాలాయన, మెల్లిగా బకెట్ పక్కన చతికిలబడి, “నేనో మాట అడగొచ్చా?” అన్నాడు. ఆయన కోడలు ముస్లిం అట. పెళ్ళయి నాలుగేళ్ళయింది. “అమ్మాయి నమాజు చేసుకుంటుంటే టీవీ సౌండు తగ్గించాలా, మొత్తం కట్టెయ్యాలా? అడిగితే ఏమనుకుంటుందోనని ఇన్నాళ్ళూ అడగలేదమ్మా” అన్నాడు. ముస్లింలం ముగ్గురం మూడు రకాలుగా చెప్పాం. చివరికి, “మమ్మల్నెందుకు అడగడం, ఇంటికెళ్ళి ఆమెనే అడగండి” అన్నాం. ఈ పొద్దున గేటు దగ్గర కనబడి చెప్పాడు, అడిగేశాడట. “సౌండు పెట్టుకోండి మామయ్యా, నా సీరియల్ వచ్చే టైముకి చానెల్ మాత్రం మార్చకండి” అందట. నాలుగేళ్ళ మొహమాటం ఒక్క ప్రశ్నతో తీరిపోయింది. మీ ఫారంలో దీన్ని ఏ గడిలో రాయాలి?

తాడు విప్పేశాం. మీసాలాయన బట్టలారేసుకోవడానికి పట్టుకెళ్ళాడు. లేని తగవును ఉందని రాసి గది తెచ్చుకోవడం మా వల్ల కాదు. సంఘం పేరు కొట్టేస్తే కొట్టేయనివ్వండి. ఈలోపు ప్రతి గురువారం మూడింటికి మీ కార్యాలయం మెట్ల మీద కూర్చుంటాం. మెట్లకు ఫారం లేదని కనుక్కున్నాను.

ఇట్లు,
కార్యదర్శి.

తా.క. ఈ ఉత్తరం స్వయంగా ఇద్దామని ఒకటింబావుకి వచ్చాను. మీ కుర్చీ ఖాళీ. ‘భోజన విరామం’ అని బోర్డు ఉంది కానీ మీ క్యారేజీ బల్ల మీదే మూత తీయకుండా ఉంది. పాత రికార్డుల గది తలుపు మూసి ఉంది. బయట నల్ల బూట్లు, ఎడమ బూటు లేసు తెగితే ముడివేసి ఉంది. హాయిగా బూట్లు విప్పుకుని మరీ పడుకునే అదృష్టం అందరికీ దొరకదు లెండి.


మరుసటి శుక్రవారం

కార్యదర్శికి,

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు మీరు తొమ్మిదిమంది కార్యాలయం మెట్లను ఆక్రమించినందున రాకపోకలకు అంతరాయం కలిగింది. టీకి వెళ్ళివచ్చే సిబ్బంది మిమ్మల్ని దాటుకుంటూ నడవవలసి వచ్చింది. వారిలో కొందరు దాటకుండా అక్కడే నిలబడిపోయి మీ మాటలు వినడం వల్ల పనిగంటలకు నష్టం జరిగింది. మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో వారంలోగా తెలుపవలెను.

ఇట్లు,
సూపరింటెండెంటు.

తా.క. ప్రార్థన చేస్తుంటే మనసు వేరే చోటికి పోతుంది, ఏం చెయ్యాలి అని ఆ కళ్ళద్దాల అబ్బాయి అడిగాడు. పోతే వెనక్కి తెచ్చుకోవాలని మీరు తేలిగ్గా చెప్పేశారు. ఆ జవాబు చాలదు. తెచ్చుకున్నది మళ్ళీ పోతుంది. ఇరవై నిమిషాల్లో ఎన్నిసార్లు పోతుందో, పోయినప్పుడల్లా ఎంత సిగ్గేస్తుందో మీరు చెప్పలేదు. నా గది కిటికీ రెక్క బిగుసుకుపోయి మూతపడనందున ఇదంతా వినవలసి వచ్చింది.

రెండో తా.క. బూట్ల విషయం వ్యక్తిగతం.


తర్వాతి గురువారం, సాయంత్రం

సూపరింటెండెంటు గారికి,

మీ నోటీసుకు ఇదే నా సంజాయిషీ.

వార్తల్లో ఎక్కడో ఏదో జరుగుతుంది. మర్నాడు క్లాసులో అడుగు పెట్టగానే నలభై తలకాయలు నా వైపు తిరుగుతాయి. నేను పరీక్ష తప్పితే అది నా ఒక్కదాని తప్పు. ఎవడో ముక్కూమొహం తెలియనివాడు తప్పు చేస్తే దానికీ నేనే జవాబు చెప్పాలి. మా నాన్న గడియారాలు బాగుచేస్తాడు. ఆయన కొట్లోనూ ఇదే వరస. గడియారం ఇచ్చి ఊరుకోరు, మీవాళ్ళు ఏమంటున్నారని అడుగుతారు. “మావాళ్ళ సంగతి నాకు తెలియదండీ, మీ గడియారం మాత్రం రేపటికి నడుస్తుంది” అంటాడు ఆయన తల ఎత్తకుండా. నాకు చిన్నప్పటి నుంచీ ఆ తల ఎత్తకపోవడం మీదే కోపం.

మా గురువారం గుంపులో ఒక్కచోటే నేను తల ఎత్తి, నాకు ఇది తెలుసు, ఇది తెలియదు, ఇక్కడ నాకే సందేహం అని చెప్పగలుగుతున్నాను. మిగతావాళ్ళూ అంతే. మీ నాలుగో గడి నన్ను మళ్ళీ ఆ నలభై తలకాయల ముందు నిలబెడుతోంది. నేను నిలబడను. చర్య తీసుకుంటే తీసుకోండి. వచ్చే గురువారమూ మెట్ల మీదే ఉంటాం. ఇవాళ లెక్కపెట్టాను, మాతో పాటు మీ సిబ్బంది ఆరుగురు కూర్చున్నారు.

వివాదం కావాలన్నారుగా, ఇదిగో కొత్త ఫారం. ఆరో గడి: ‘మాకూ గదుల కార్యాలయానికీ. నెల రోజుల నుంచి. గాయాలు: మెట్టు అంచు తగిలి పొడుగాయన మోకాలు, తాడు రాసుకుని లెక్కల అబ్బాయి చెవి.’

ఇట్లు,
తలవంచని కార్యదర్శి.

తా.క. మనసు పోయినప్పుడల్లా సిగ్గేస్తుందన్న మాట మా గుంపులో చదివి వినిపించాను. సోడాబుడ్డి దాన్ని తన నోట్సులో రాసుకున్నాడు. ఎవరో బాగా ఎరిగినవాళ్ళు మీతో చెప్పి ఉంటారు. వాళ్ళను ఒకసారి పంపిస్తారా?

రెండో తా.క. మేము మెట్ల మీద ఎండలో కూర్చుంటే మీరు రికార్డుల గదిలో రోజూ నిద్రపోవడం నాకు నచ్చలేదు. రోజూ అదే వేళకు తలుపు మూసుకుని ఇరవై నిమిషాలకు బయటికొస్తారని మెట్ల మీద మీ సిబ్బందే చెప్పారు. ఒకటింబావుకి వచ్చి తలుపు తీసి చూడమని రిజిస్ట్రారు గారికి ఫిర్యాదు రాశాను. బూట్ల గుర్తులు కూడా ఇచ్చాను.


బుధవారం

అమ్మాయీ,

ఈ ఉత్తరానికి నంబరు లేదు. ఇరవై రెండేళ్ళలో నంబరు లేకుండా నేను రాస్తున్న మొదటి కాగితం ఇదే.

నిన్న సరిగ్గా ఒకటింబావుకి రిజిస్ట్రారు గారు వచ్చి తలుపు తీశారు. నీ ఫిర్యాదు ఆయన చేతిలో ఉందట. ఆ సమయంలో నేను బీరువాల వెనక, పాత ఫైళ్ళ మధ్య పరిచిన తివాచీ మీద, నుదురు నేలకు ఆనించి ఉన్నాను.

ఇప్పుడు నువ్వు చెప్పు. బయట బూట్లు విప్పి, తినే క్యారేజీ తినకుండా వదిలి, రోజూ ఒకటింబావుకే తలుపు మూసుకుని ఇరవై నిమిషాలకు బయటికొచ్చే మనిషి నిద్రపోతున్నాడని వేరేవాళ్ళు అనుకుంటే అర్థముంది. నువ్వెలా అనుకున్నావమ్మా? పైగా గురువారం గుంపు కార్యదర్శివి!

నిన్నేమీ అనడం లేదు. పకపకా నవ్వుకుంటున్న తొమ్మిదిమంది పిల్లల మధ్య తాడు కట్టించినవాణ్ణి, నేను ఎవర్ని అనగలను?

ఆ తొమ్మిదో నంబరు ఫారం రాసింది నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మనవాళ్ళ సంఘానికి ఒక గది ఇచ్చాను. నియమం ప్రకారమే ఇచ్చాను. “వాళ్ళవాడు కదా, ఇస్తాడులే” అన్నారు వెనక బల్ల దగ్గర. అంతే. ఆ రోజు నుంచి మన పేర్లున్న దరఖాస్తు వస్తే మిగతావాళ్ళకంటే రెండు గడులు ఎక్కువే నింపించాను. నమాజు బీరువాల వెనక్కి మార్చుకున్నాను. నా తరఫున కూడా నేను మాట్లాడటం మానేశాను. నాలుగో గడి పెట్టినప్పుడు, ముందుగా నేనే పెన్ను పట్టుకుని దాని ముందు కూర్చున్నాను. అందరి తరఫునా హామీ ఇవ్వగలనా అని. ఇవ్వలేకపోయాను. అయినా ఫారం అచ్చు వేయించాను. మీ నాన్న తల ఎత్తకపోవడం గురించి నువ్వు రాసింది నాలుగుసార్లు చదివాను. మా ఇంటావిడకు కూడా చదివి వినిపించాను. “ఆ పిల్ల మీ గురించే రాసింది, మీకు అర్థమవడానికి నాలుగుసార్లు పట్టింది” అంది.

రిజిస్ట్రారు గారు నేను ముగించేదాకా గుమ్మంలోనే నిలబడ్డారు. లేచాక, “ఇక్కడ దుమ్ములో ఎందుకయ్యా?” అన్నారు. ఇరవై రెండేళ్ళ నుంచి ఆ ప్రశ్నకు జవాబు దాచుకుని ఉన్నాను, అదంతా ఒక్కసారి వచ్చేసింది. “మీరు ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. ఇకనుంచి మాత్రం తలుపు తీసే చేసుకుంటాను. దాని మీద ఏదైనా చర్య ఉంటే రాతలో ఇప్పించండి” అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. బయట సిబ్బంది అంతా లేచి నిలబడ్డారు. ఆయన, “రాతలో ఇవ్వాలంటే ఫారం కావాలి, ఏ నంబరో మీరే చెప్పాలి” అని నవ్వుతూ వెళ్ళిపోయారు.

ఇక ఆఫీసు సంగతులు. తొమ్మిదో నంబరు ఫారం ఈ ఉదయం రద్దు చేశాను. పద్నాలుగో గది సమావేశాన్ని లెక్కలో వేశాను. మెట్లను గదుల జాబితాలో చేర్చి, సున్నా నంబరు గది అని పేరు పెట్టాను. మీరు మెట్ల మీద కూర్చున్న రెండు గురువారాలనూ పాత తేదీతో కాదు, కొత్త ఉత్తర్వుతోనే ఆమోదించాను. ఎవరైనా “వాళ్ళవాడు కదా” అంటే అననీ. మొత్తం మూడయ్యాయి. నాలుగోది రేపు, పాత రికార్డుల గదిలో. బీరువాలు గోడకు జరిపించాను. తొమ్మిది కుర్చీలు వేయించాను.

నిజానికి పది వేయించాను. రద్దు చేసిన ఫారాల్లో మిగిలిన ఆఖరిది నింపి దీనితో పంపుతున్నాను. నాలుగో గడి: నా తరఫున నేను. ఆరో గడి: నాకూ నాకూ. ఇరవై రెండేళ్ళుగా. గాయాలు బయటికి కనబడవు. మీ గుంపులో చేర్చుకుంటారో లేదో కార్యదర్శిగా నువ్వే తేల్చాలి. చేర్చుకోకపోయినా గది మీదే.

ఇట్లు,
బూట్లవాడు.

తా.క. తివాచీ అక్కడే వదిలేశాను. మీ ముగ్గురూ ఇన్నాళ్ళూ నమాజుకు ఎక్కడ చోటు వెతుక్కుంటున్నారో నేను ఏనాడూ అడగలేదు. రేపటి నుంచి తలుపు తీసే ఉంటుంది. చెప్పులు కుడివైపు వదలండి, ఎడమవైపు నా బూట్లుంటాయి. లేసు కొత్తది వేశాను. గుర్తుపట్టలేక మళ్ళీ రిజిస్ట్రారు గారికి రాయకు.